చప్పుడు లేకుండా చచ్చే సర్వర్లు: ఒక పచ్చళ్ల వెబ్‌సైట్‌పై హార్డ్‌వేర్ వైఫల్య పరీక్షలు

క్లౌడ్‌లో ఉన్న వెబ్‌సైట్ హార్డ్‌వేర్ వైఫల్యాన్ని తట్టుకుంటుందా లేదా అని తేల్చడానికి చాలామంది చేసే పరీక్ష ఒక్కటే. కన్సోల్‌లోకి వెళ్లి ఒక సర్వర్‌ను ఆపుతారు, సైట్ తెరుచుకుంటోందో లేదో చూస్తారు, తెరుచుకుంటే నివేదికలో టిక్కు పెడతారు. ఈ కేసులో ఆ పరీక్ష మేము అడుగుపెట్టకముందే జరిగింది, సైట్ నెగ్గింది కూడా. హార్డ్‌వేర్ నిజంగా పోయే తీరును అనుకరించి చూస్తే మాత్రం అదే సైట్ పావుగంట సేపు ఒక్క ఆర్డర్ కూడా తీసుకోలేకపోయింది. ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చిందో, ఏం మార్చామో, ఏం మార్చకుండా వదిలేశామో చెబుతాను.

సైట్ పచ్చళ్లు, పొడులు, పిండివంటలు అమ్మే ఒక సంస్థది. పేరు అవసరం లేదు. కొనేవాళ్లలో కొందరు ఆంధ్ర, తెలంగాణల్లో ఉంటారు, మిగతావాళ్లు ఎక్కువగా అమెరికాలో, గల్ఫ్‌లో ఉంటారు. నడిచేది అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్ ముంబై రీజియన్‌లో, అంటే ఆ ప్రాంతపు డేటా సెంటర్ల సముదాయంలో. ముందు వచ్చేవాళ్లను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలన్సర్, దాని వెనుక రెండు అవైలబిలిటీ జోన్లలో (ఒకే రీజియన్‌లో విడివిడిగా ఉండే డేటా సెంటర్లు) ఒక్కో జావా అప్లికేషన్ సర్వర్, ఆ వెనుక ఏడబ్ల్యూఎస్ నడిపే డేటాబేస్ సేవ ఆర్‌డీఎస్‌లో రెండు జోన్ల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉన్నాయి. సెషన్లు (సైట్‌లో ఎవరు ఉన్నారన్న గుర్తులు), బుట్టలు మెమరీలో దాచే రెడిస్ మొదటి జోన్‌లో ఒక ఒంటరి సర్వర్‌పై ఉంది. ఫొటోలు ఏడబ్ల్యూఎస్ ఫైళ్ల నిల్వ సేవ ఎస్3లో ఉన్నాయి, వాటితో చిక్కు లేదు. బొమ్మ గీసి చూపిస్తే ఎవరైనా బాగుందనే అంటారు.

కదలిక తెచ్చింది ఒక మామూలు నోటీసు. ఫలానా సర్వర్ నడుస్తున్న భౌతిక యంత్రం క్షీణించింది, ఫలానా తేదీన ఆ సర్వర్‌ను ఆపేస్తాం అని క్లౌడ్ సంస్థలు పంపే రకం. గడువులోపు మార్చేశారు, నష్టం ఏమీ జరగలేదు. కానీ సంస్థ యజమాని మమ్మల్ని పిలిపించి వేసిన ప్రశ్న మాత్రం పదునైనది. యంత్రం చెప్పకుండా పోతే పోయేది ఆర్డరా, డబ్బా, కేవలం సమయమా? ఆ మూడింటినీ విడివిడిగా అడిగిన కస్టమర్లను నేను ఎక్కువగా చూడలేదు. మా పరీక్షల పట్టికకు అవే మూడు నిలువు గళ్లు అయ్యాయి.

క్లౌడ్ కిందా ఇనుమే

క్లౌడ్‌కు మారితే హార్డ్‌వేర్ గొడవ మనది కాదనే నమ్మకం ఇంకా బలంగానే ఉంది. ఏడబ్ల్యూఎస్ తన పత్రాల్లోనే జీపీ3 అనే రకం డిస్కుల వార్షిక వైఫల్య రేటు 0.1 నుంచి 0.2 శాతం అని రాసుకుంది. అంటే వెయ్యి వాల్యూమ్‌లు ఏడాది పొడవునా నడిపితే ఒకటో రెండో పోతాయని ముందే చెబుతోంది. ఒక్కో సర్వర్‌కు ఇచ్చే లభ్యత హామీ కూడా 99.5 శాతమే. 99.99 హామీ కావాలంటే సర్వర్లను ఒకటికి మించిన జోన్లలో పరచాలి. 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్‌లు కూడా అక్కడే ఉంచుకున్నవాళ్లకు తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ మిగలలేదు.

నడుస్తున్న సర్వర్లను కావాలనే పడగొట్టి చూసే పద్ధతికి పేరు తెచ్చింది నెట్‌ఫ్లిక్స్. 2008లో డేటాబేస్ పాడైన అనుభవం తర్వాత క్లౌడ్‌కు మారిన ఆ సంస్థ, సర్వర్లను యాదృచ్ఛికంగా ఆపేసే కేయాస్ మంకీ అనే పరికరాన్ని తయారుచేసి 2012లో అందరికీ ఇచ్చింది. 2021లో ఏడబ్ల్యూఎస్ ఇదే పనికి ఎఫ్‌ఐఎస్ అనే సేవను తెచ్చింది. మేము వాడింది ఎక్కువగా దాన్నే, అది చాలని చోట్ల చేతిపని.

ఆపడానికీ చావడానికీ తేడా

కన్సోల్‌లో సర్వర్‌ను ఆపమన్నప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌కు కబురు వెళుతుంది. అది అప్లికేషన్‌ను మూస్తుంది. అప్లికేషన్ తన కనెక్షన్లన్నిటికీ వీడ్కోలు ప్యాకెట్లు పంపుతుంది. అవతలివాళ్లకు క్షణాల్లో సంగతి తెలుస్తుంది, వేరే దారి చూసుకుంటారు. మదర్‌బోర్డో విద్యుత్ సరఫరాయో పోయినప్పుడు ఈ మర్యాదలేవీ ఉండవు. ఫోన్‌లో మాట్లాడుతున్న మనిషి ఉంటానని చెప్పి పెట్టేయడం ఒకటి, మాట మధ్యలో నిశ్శబ్దమైపోవడం ఇంకొకటి. రెండో సందర్భంలో మనం కాసేపు హలో హలో అంటూనే ఉంటాం. ఎంతసేపు అంటామన్నదే ఈ కేసు మొత్తం.

అందుకే మా పరీక్షలన్నిటికీ ఒక నియమం పెట్టుకున్నాం. పోయే భాగం వీడ్కోలు చెప్పకూడదు. అప్లికేషన్ సర్వర్ల విషయంలో ఆపరేటింగ్ సిస్టమ్ గుండె లాంటి కెర్నల్‌ను కావాలనే పానిక్ చేశాం, అంటే ఉన్నపళంగా కుప్పకూల్చాం. పానిక్ తర్వాత తానే రీబూట్ కాకుండా ముందే సెట్టింగ్ మార్చి పెట్టాం. నెట్‌వర్క్ తెంచేటప్పుడు సర్వర్‌కు ఎవరెవరు కనెక్ట్ కావచ్చో చెప్పే సెక్యూరిటీ గ్రూపుల జోలికి వెళ్లలేదు. అవి కనెక్షన్లను గుర్తుపెట్టుకుంటాయి, నియమం తీసేసినా అప్పటికే నడుస్తున్న కనెక్షన్ వెంటనే తెగకపోవచ్చు. సబ్‌నెట్‌కు (జోన్‌లోని నెట్‌వర్క్ ముక్కకు) ఉండే నెట్‌వర్క్ ఏసీఎల్ అనే అనుమతుల జాబితాకు ఆ జ్ఞాపకం లేదు, పెట్టిన క్షణం నుంచి అన్నిటినీ నేలపాలు చేస్తుంది. ఎఫ్‌ఐఎస్ కూడా లోపల చేసేది అదే.

పరీక్షలు చాలావరకు అసలు సైట్‌కు అచ్చుగుద్దిన నకలుపై చేశాం. ఒకటి రెండు మాత్రం నడుస్తున్న సైట్ మీదే చేయాలని ముందే ఒప్పించాం. వేళ నిర్ణయించడానికి కాస్త తర్జనభర్జన పడ్డాం. ఇలాంటి పనులు అర్ధరాత్రి చేయాలన్నది అలవాటు. ఈ సైట్‌కు అర్ధరాత్రంటే అమెరికాలో మధ్యాహ్నం, అక్కడివాళ్లు కొనే సమయం. ఆర్డర్ల గ్రాఫ్ చూస్తే నిజంగా పల్చగా ఉన్నది మన మధ్యాహ్నం ఒకటిన్నర, రెండు గంటల ప్రాంతం. అప్పటికి న్యూయార్క్‌లో ఇంకా తెల్లవారదు. పైగా ఆ వేళకు మా మనుషులంతా మెలకువగా, భోజనం చేసి ఉంటారు. నెల విషయానికొస్తే, ఆవకాయ సీజన్ ముగిసి దసరా హడావుడి ఇంకా మొదలుకాని రోజులు ఎంచుకున్నాం.

ప్రతి పరీక్షకు ముందు ఏం జరుగుతుందని మేము అనుకుంటున్నామో ఒక వాక్యంలో రాసి ఉంచాం. విఫలమైన అభ్యర్థనలు హద్దు దాటితే ప్రయోగం తనంతట తానే ఆగిపోయేలా అలారం కట్టాం. సైట్‌పై నకిలీ కొనుగోలుదారుల రద్దీని పరీక్ష సాగినంతసేపూ నడిపాం. ఆ రద్దీ ఎంత ముఖ్యమో తర్వాత తెలుస్తుంది.

అప్లికేషన్ సర్వర్ పోతే

అనుకున్నది: కొన్ని సెకన్ల ఇబ్బంది. జరిగింది: దాదాపు నిమిషం పాటు ప్రతి రెండో అభ్యర్థనా విఫలం. లోడ్ బ్యాలన్సర్ ఆరోగ్య పరీక్ష డిఫాల్ట్‌గా 30 సెకన్లకోసారి జరుగుతుంది, వరుసగా రెండు విఫలమైతేనే సర్వర్‌ను పక్కన పెడుతుంది. ఆ లోపు సగం జనాన్ని శవం దగ్గరికే పంపుతూ ఉంటుంది. ఒక్కొక్కరూ కనెక్షన్ కోసం 10 సెకన్లు ఎదురుచూసి 504 దోషంతో (సర్వర్ నుంచి సమయానికి జవాబు రాలేదని) వెనక్కి వస్తారు. విరామాన్ని 10 సెకన్లకు తగ్గిస్తే నష్టం మూడో వంతుకు దిగింది. ఇక్కడ ఇంతకన్నా చెప్పేదేమీ లేదు, ఇది తేలికైన పరీక్ష.

ఒక్క సంగతి తప్ప. మిగిలిన సర్వర్ మొత్తం రద్దీని ఒంటరిగా మోయాలి. మామూలు రోజుల్లో మోసింది. పండగ రోజుల రద్దీని పెట్టి చూస్తే దాని సీపీయూ నిండిపోయి, ఆరోగ్య పరీక్షకు జవాబివ్వడం ఆలస్యమై, చివరికి దాన్ని కూడా బ్యాలన్సర్ పక్కన పెట్టేసింది. ఒకటి పోతే రెండూ పోయినట్లే. కొత్త సర్వర్ తనంతట తాను పుడుతుంది నిజమే, కానీ పుట్టి సిద్ధం కావడానికి నిమిషాలు పడుతుంది. ముంబై రీజియన్‌లో జోన్లు మూడు ఉన్నాయి. మూడోదాన్ని వాడకపోవడానికి కారణం ఎవరూ చెప్పలేకపోయారు. మూడు జోన్లలో మూడు సర్వర్లు పెట్టి, ఏ రెండైనా పండగ రద్దీని మోసేలా పరిమాణం నిర్ణయించాం.

డేటాబేస్ పోతే

అసలు కథ ఇది. రెండు జోన్ల ఆర్‌డీఎస్‌లో ప్రధాన యంత్రం పోతే రెండో జోన్‌లో సిద్ధంగా ఉన్న స్టాండ్‌బై బాధ్యత తీసుకుంటుంది (దీన్నే ఫెయిలోవర్ అంటారు), డేటాబేస్ చిరునామా చెప్పే డీఎన్‌ఎస్ పేరు దానివైపు తిరుగుతుంది, మామూలుగా 60 నుంచి 120 సెకన్లు పడుతుంది. ఈ బృందం ఇంతకుముందు కన్సోల్ నుంచి ఫెయిలోవర్ నొక్కి చూసుకుంది. రెండు నిమిషాల లోపే అంతా సర్దుకుంది.

మేము క్రమం మార్చాం. ముందు ప్రధాన డేటాబేస్ ఉన్న సబ్‌నెట్‌కు ఏసీఎల్‌తో దారి మూసేశాం, ఆ వెంటనే ఫెయిలోవర్ చేయించాం. అప్లికేషన్ సర్వర్ల వైపు నుంచి చూస్తే పాత డేటాబేస్ ఒక్క ప్యాకెట్ కూడా పంపకుండా మాయమైంది. కొత్తది రెండు నిమిషాల లోపే సిద్ధమైంది. ల్యాప్‌టాప్ నుంచి దానికి కనెక్టయి క్వెరీలు కూడా వేశాం. సైట్ మాత్రం లేవలేదు. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. పదిహేను దాటాక, ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే, తనంతట తాను లేచింది.

ఆ పదిహేను నిమిషాలకు లెక్క ఉంది. లైనక్స్‌లో, నెట్‌వర్క్ సంభాషణలను నడిపే టీసీపీ తాను పంపిన ప్యాకెట్‌కు జవాబు రాకపోతే మళ్లీ మళ్లీ పంపుతుంది, ప్రతిసారీ విరామం పెంచుకుంటూ పోతుంది. ఎన్నిసార్లు అన్నది టీసీపీ_రిట్రైస్2 అనే సెట్టింగ్ చెబుతుంది. డిఫాల్ట్ 15. అన్నీ అయ్యేసరికి కెర్నల్ పత్రాల లెక్క ప్రకారం 924.6 సెకన్లు. మేము చూసింది సరిగ్గా దానినే. ఇంకా ఘోరమైన సందర్భం కూడా ఉంది. క్వెరీ అవతలికి చేరి, రసీదు కూడా వచ్చి, ఆ తర్వాత యంత్రం చస్తే మళ్లీ పంపడానికి ఏమీ ఉండదు. అప్లికేషన్ జవాబు కోసం అలా కూర్చునే ఉంటుంది. అప్లికేషన్‌ను డేటాబేస్‌తో కలిపే పోస్ట్‌గ్రెస్ జావా డ్రైవర్‌లో సాకెట్ టైమ్‌అవుట్ (జవాబు కోసం ఎంతసేపు ఆగాలన్నది) డిఫాల్ట్ సున్నా, అంటే ఎప్పటికీ. అవతలివాళ్లు ఉన్నారా అని అప్పుడప్పుడు పలకరించే కీప్‌అలైవ్ డిఫాల్ట్‌గా ఉండదు. దాన్ని పెట్టుకున్నా లైనక్స్ మొదటి పలకరింపు 7200 సెకన్ల తర్వాతే.

మరి డేటాబేస్ కనెక్షన్లను ముందే తెరిచి ఉంచి పంచే కనెక్షన్ పూల్ ఏం చేస్తోంది? ఇక్కడ వాడినది హికారి. కనెక్షన్ ఇచ్చేముందు అది బతికే ఉందా అని చూసే అలవాటు దానికి ఉంది. కానీ 500 మిల్లీసెకన్ల లోపు వాడిన కనెక్షన్‌ను మళ్లీ పరీక్షించదు, అనవసరపు ఖర్చని. రద్దీ లేనప్పుడు కనెక్షన్లు ఖాళీగా కూర్చుని ఉంటాయి, పరీక్షకు వస్తాయి, చచ్చినవి బయటపడతాయి. రద్దీలో అవి క్షణం ఖాళీగా ఉండవు, కాబట్టి కాపలావాడు ఒక్కదాన్నీ ఆపడు. మేము నకిలీ కొనుగోలుదారులు లేకుండా ఇదే పరీక్ష చేసినప్పుడు సైట్ చక్కగా లేచింది. రద్దీ పెట్టగానే పడింది. ఒక్కో సర్వర్‌లో పూల్ డిఫాల్ట్ పరిమాణం పది, ఆ పదీ పాత డేటాబేస్ కోసం హలో హలో అంటూ చిక్కుకున్నాయి. తర్వాత వచ్చినవాళ్లంతా 30 సెకన్లు వరుసలో నిలబడి దోషంతో వెళ్లారు. డేటాబేస్ పచ్చగా, సర్వర్లు పచ్చగా, సైట్ మాత్రం మూత. పర్యవేక్షణ తెర ముందు కూర్చున్న కుర్రాడి ముఖం చూసి జాలేసింది.

మార్పులు చిన్నవే. డ్రైవర్‌లో సాకెట్ టైమ్‌అవుట్ 20 సెకన్లు పెట్టాం, కీప్‌అలైవ్ తెరిచాం, టీసీపీ_రిట్రైస్2ను 8కి దించాం. 8 అంటే దాదాపు 100 సెకన్లు, టీసీపీ ప్రమాణ పత్రం కనీసంగా సూచించే హద్దు అది, అంతకన్నా కిందికి వెళ్లాలని మాకు అనిపించలేదు. నెలవారీ అమ్మకాల నివేదిక క్వెరీలు 20 సెకన్లలో ముగియవు కాబట్టి వాటికి వేరే పూల్ ఇచ్చాం. మళ్లీ పరీక్షిస్తే సైట్ కొత్త డేటాబేస్ సిద్ధమైన అర నిమిషం లోపే ఆర్డర్లు తీసుకుంది.

డబ్బు గడి

యజమాని ప్రశ్నలో అసలు బరువు ఇక్కడ పడింది. ఆ పావుగంటలో, చెల్లింపు గేట్‌వే పరీక్షా ఖాతాలో, యూపీఐతో డబ్బు కట్టిన నకిలీ కొనుగోలుదారులు కొందరు ఉన్నారు. వాళ్ల డబ్బు వెళ్లింది, ఆర్డర్ లేదు. కోడ్ చూస్తే, ఆర్డర్ నమోదు డేటాబేస్‌లో పడేది చెల్లింపు ముగిశాకే. గేట్‌వే తన వంతుగా సందేశాన్ని మళ్లీ మళ్లీ పంపింది. సైట్ లేచాక ఆ సందేశం చేరింది కూడా. కానీ దాన్ని అందుకునే కోడ్, ఉన్న ఆర్డర్‌కు చెల్లించినట్లు గుర్తు పెట్టడమే ఎరుగును. ఆర్డరే లేకపోవడంతో ఏమీ చేయకుండా అందిందని బదులిచ్చింది. గేట్‌వే ఇక పంపడం మానేసింది.

హార్డ్‌వేర్ పరీక్షలో బయటపడినా ఇది హార్డ్‌వేర్ దోషం కాదు. అయినా మా నివేదికలో మొదటి పేజీలో పెట్టింది దీన్నే. సైట్ పావుగంట మూతబడితే కస్టమర్ విసుక్కుంటాడు. డబ్బు పోయి ఆవకాయ రాకపోతే పదిమందికి చెబుతాడు. ఇప్పుడు చెల్లింపు పేజీకి పంపేముందే ఆర్డర్ నమోదు, చెల్లింపు రావాల్సి ఉందనే స్థితితో, పడుతుంది. గుర్తు తెలియని చెల్లింపు వస్తే వేరే పట్టికలో నిలిచి, మనిషి చూసేదాకా అలారం మోగుతుంది.

రెడిస్, డిస్కు, జోన్

ఒంటరి రెడిస్ సర్వర్ పోతే బుట్టలు పోతాయని అందరికీ తెలుసు. తెలియనిది, బుట్టతో పనిలేని పేజీలు కూడా ఆగిపోతాయని. రెడిస్‌తో మాట్లాడే లెట్యూస్ లైబ్రరీ ఒక ఆదేశానికి డిఫాల్ట్‌గా 60 సెకన్లు ఎదురుచూస్తుంది. హోమ్ పేజీ కూడా సెషన్ కోసం రెడిస్‌ను అడుగుతుంది. ఫలితం, గోంగూర పచ్చడి ధర చూడటానికి నిమిషం. రెడిస్‌కు మరో ప్రతి పెట్టి నిలబెట్టవచ్చు. మేము ఆ దారి పట్టలేదు. బుట్టల్ని డేటాబేస్‌లోకి తెచ్చి, సెషన్‌ను సంతకం చేసిన కుకీలోకి మార్చి, రెడిస్‌ను కేవలం క్యాష్‌గా, అంటే తాత్కాలిక నిల్వగా, మిగిల్చాం. జవాబు కోసం సెకనులో అయిదో వంతు ఆగుతుంది, రాకపోతే అది లేనట్లే ముందుకు వెళుతుంది. పోయినా పర్వాలేని వస్తువుకు కాపలా పెట్టడం కన్నా, దాన్ని నిజంగానే పోయినా పర్వాలేనిదిగా చేయడం చవక అని నా అభిప్రాయం.

డిస్కు పరీక్ష మరో రకం. ఎఫ్‌ఐఎస్‌లో ఈబీఎస్ వాల్యూమ్ (సర్వర్‌కు తగిలించిన క్లౌడ్ డిస్కు) చదవడం, రాయడం రెండూ స్తంభింపజేసే సౌకర్యం ఉంది. సర్వర్ చావదు, సగం చచ్చి ఉంటుంది. పింగ్‌కు పలుకుతుంది, ఆరోగ్య పరీక్షకు 200 (అంతా బాగుంది) అని బదులిస్తుంది, ఎందుకంటే ఆ పేజీ డిస్కును ముట్టదు. మిగతా ప్రతి అభ్యర్థనా లాగ్ ఫైలులో ఒక వాక్యం రాయబోయి అక్కడే గడ్డకట్టింది. బ్యాలన్సర్ దృష్టిలో ఆ సర్వర్ ఆరోగ్యంగా ఉంది కాబట్టి జనం వెళుతూనే ఉన్నారు. దీన్ని సరిచేయడానికి ఆరోగ్య పరీక్షలో చిన్న ఫైలు రాసి చూసే పని చేర్చాం, లాగ్ రాతను వేరే థ్రెడ్‌కు అప్పగించి క్యూ నిండితే వాక్యాల్ని వదిలేయమన్నాం. సర్వర్ల సంఖ్యను చూసుకునే ఆటో స్కేలింగ్ కూడా అప్పటిదాకా ఈసీ2 (ఏడబ్ల్యూఎస్ సర్వర్ సేవ) చెప్పే స్థితినే నమ్ముతోంది. బ్యాలన్సర్ మాట కూడా వినమని మార్చాకే అది చెడ్డ సర్వర్‌ను తీసేసి కొత్తది పెట్టింది. ఆరోగ్య పరీక్షలో డేటాబేస్‌ను కూడా చేర్చమని బృందంలో ఒకరు అడిగారు. వద్దన్నాం. డేటాబేస్ నిమిషం తడబడితే సర్వర్లన్నీ ఒకేసారి అనారోగ్యమని తేలతాయి. ఇక ఆటో స్కేలింగ్ బతికున్నవాటిని చంపే పనిలో పడుతుంది.

చివరిగా మొదటి జోన్ మొత్తాన్ని తెంచాం. అప్లికేషన్, డేటాబేస్ అప్పటికే సరిచేసినవి కాబట్టి పేజీలు బాగానే వచ్చాయి. కానీ ఎవరూ డబ్బు కట్టలేకపోయారు. ఇంటర్నెట్‌కు నేరుగా దారిలేని ప్రైవేట్ సబ్‌నెట్‌లలోని సర్వర్లు బయటి చెల్లింపు గేట్‌వేను చేరడానికి ఉన్న ఏకైక ద్వారం, నాట్ గేట్‌వే, మొదటి జోన్‌లో ఉంది. జోన్‌తో పాటే పోయింది. జోన్‌కొకటి పెట్టడానికి గంటల లెక్కన అద్దె పెరుగుతుంది, యజమాని దానిపై కాసేపు బేరమాడారు కూడా. ఒక్క పండగ రోజు మధ్యాహ్నం ఎంత అమ్ముతారో చూసుకున్నాక ఒప్పుకున్నారు. రాత్రిపూట కొరియర్ లేబుళ్లు తయారుచేసే పని కూడా మొదటి సర్వర్‌లోని క్రాన్ (వేళకు పనులు మొదలుపెట్టే సాధనం) మీదే ఆధారపడి ఉంది. దాన్ని ఏ సర్వర్ నుంచైనా నడిచేలా, డేటాబేస్ తాళంతో ఒక్కరే చేసేలా మార్చాం. పర్యవేక్షణ సర్వర్ సైతం అదే జోన్‌లో ఉండి మూగబోయింది. ఇప్పుడు సైట్‌ను బయటి నుంచి, వేరే రీజియన్ నుంచి కూడా గమనిస్తున్నారు.

వదిలేసినవి

ముంబై రీజియన్ మొత్తం పోతే? దానికి సిద్ధంగా వేడివేడిగా మరో నకలు నడపాలని మేము సిఫారసు చేయలేదు. ఈ స్థాయి వ్యాపారానికి ఆ ఖర్చు, ఆ చిక్కుదనం తగవు. 2022 నవంబరులో ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్ తెరిచింది. డేటాబేస్ స్నాప్‌షాట్లు రోజూ అక్కడికి కాపీ అయ్యేలా పెట్టాం, టెంప్లేట్లతో సైట్‌ను అక్కడ లేపి చూశాం. సగం పూట పట్టింది, ఆ రోజు ఆర్డర్లు కొన్ని చేతితో సరిచూసుకోవాల్సి వస్తుంది. యజమాని అది చాలన్నారు, సంతకం కూడా పెట్టారు.

నడుస్తున్న సైట్‌పై చేసిన పరీక్షలు రెండు: సర్వర్ పానిక్, ఏసీఎల్‌తో కలిపి డేటాబేస్ ఫెయిలోవర్. రెండూ రాసుకున్న అంచనాలోపే ముగిశాయి. వీటిని ప్రతి పండగ సీజన్‌కు ముందు మళ్లీ చేయాలని ఒప్పందం. అలా చేసిన మొదటిసారే ఒకటి దొరికింది. భద్రతా నవీకరణ కోసం సర్వర్ ఇమేజ్ (కొత్త సర్వర్లు పుట్టే అచ్చు) మార్చినప్పుడు టీసీపీ_రిట్రైస్2 తిరిగి 15కి వెళ్లిపోయింది. డ్రైవర్‌లోని సాకెట్ టైమ్‌అవుట్ వల్ల ఆర్డర్లకు ఏమీ కాలేదు. పొడవైన టైమ్‌అవుట్ ఉన్న నివేదికల పూల్ మాత్రం పావుగంట బిగుసుకుపోయింది. ఆ సెట్టింగ్ ఇప్పుడు ఇమేజ్‌లో కాకుండా సర్వర్ పుట్టేటప్పుడు నడిచే స్క్రిప్టులో ఉంది, విలువ 8 కాకపోతే సర్వర్ బ్యాలన్సర్‌లో చేరదు.